వంతెనలు కూల్చారు సరే, ఊళ్లో జనం ఏరీ?

క్రిస్టఫర్ నోలన్ తీసిన బ్యాట్‌మన్ మూడు సినిమాల్లో ఏది గొప్పదన్న వాదన మా పర్లాకిమిడి కుర్రాళ్ల మధ్య ఇప్పటికీ తెగదు. 2012లో వచ్చిన ఆఖరి భాగం ‘ది డార్క్ నైట్ రైజెస్’ మీద ఎక్కువ మంది చెప్పే ఫిర్యాదు ఒకటే: రెండో భాగంలోని విలన్ జోకర్ లేడు, ఆ పాత్ర వేసిన హీత్ లెడ్జర్ స్థాయి నటన లేదు. ఆ లోటును కొత్త విలన్ బేన్ పాత్ర చాలావరకు పూడ్చిందనే అంటాను. సినిమా చతికిలబడింది వేరే చోట. మొదటి రెండు భాగాల్లో బ్యాట్‌మన్ ఊరు గోథమ్‌లో మనుషులు ఉన్నారు. మూడో దాంట్లో లేరు.

2005 నాటి ‘బ్యాట్‌మన్ బిగిన్స్’ గుర్తు చేసుకోండి. పేదలుండే నారోస్ పేటలో ఒక పిల్లాడు బాల్కనీలో నిలబడి బ్యాట్‌మన్‌ను చూస్తాడు. చూశానంటే మిగతా పిల్లలు నమ్మరని దిగులు పడతాడు. బ్యాట్‌మన్ తన చేతిలోని పరికరాన్ని వాడికి ఇచ్చి వెళ్లిపోతాడు. తర్వాత విషవాయువు కమ్మినప్పుడు అదే పేటలో అదే పిల్లాడు మళ్లీ కనిపిస్తాడు. మనకు భయం వేసేది వాడి కోసం.

2008లో వచ్చిన రెండో భాగానికి ప్రాణం జోకర్ బాంబులు పెట్టిన రెండు పడవల ఘట్టమే. ఒకదాంట్లో మామూలు జనం, ఇంకోదాంట్లో ఖైదీలు. ఒకరి పడవను పేల్చే మీట ఇంకొకరి చేతిలో ఉంటుంది. జనం ఓట్లు వేస్తారు, పేల్చేద్దామనే వాళ్లదే పైచేయి అవుతుంది. పేలుస్తానని ముందుకొచ్చిన పెద్దమనిషి ఆ పెట్టెను చేతిలో పట్టుకుని నొక్కలేక తిరిగి పెట్టేస్తాడు. అటువైపు ఒళ్లంతా పచ్చబొట్లున్న ఖైదీ ఒకడు అధికారి చేతిలోని మీట అడిగి తీసుకుని కిటికీలోంచి నీళ్లలోకి విసిరేస్తాడు. ఆ రాత్రి గోథమ్‌ను కాపాడింది వాళ్లు. బ్యాట్‌మన్ అప్పుడు వేరే భవనంలో జోకర్‌తో పెనుగులాడుతున్నాడు.

ఇక మూడో భాగం. బేన్ వంతెనలు పేల్చి ఒక్కటి మాత్రం మిగులుస్తాడు. పోలీసుల్ని నేల కింద మూసేస్తాడు. ఊరు నెలల తరబడి దిగ్బంధంలో ఉంటుంది. సినిమా మొత్తానికి పెద్ద ఆలోచన ఇదే, కానీ నోలన్ దాని మీదుగా పరుగెత్తిపోయాడు. ఊరు మీదే, తీసుకోండి అని బేన్ అంటే సామాన్యుడు ఏమన్నాడు? ధనవంతుల ఇళ్లు దోచుకునే నాలుగు దృశ్యాలు చూపి వదిలేశారు. సరుకుల లారీ ఒకటి ఊళ్లోకి వస్తుంది. దాంట్లోంచి సైనికులు దిగుతారు. ఆ సరుకులు ఎవరి వంటింటికి చేరాయో కెమెరాకు పట్టలేదు. చివరి పోరాటం పోలీసులకూ కిరాయి సైన్యానికీ మధ్యే. ఊరివాళ్లు కిటికీల దగ్గరైనా కనపడరు.

మూసిన ఊరు ఎలా ఉంటుందో సరిహద్దులో ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 లాక్‌డౌన్‌లో సరిహద్దు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం వైపు దారి బారికేడ్లతో మూతపడింది. మా అక్క ఇల్లు అక్కడే, మామూలు రోజుల్లో నడిచి వెళ్లి టీ తాగి వచ్చేంత దూరం. మా అమ్మ బీపీ మాత్రలు అటునుంచే వచ్చేవి. అక్క సంచి తెచ్చి బారికేడ్ అవతల పెట్టి వెనక్కి జరిగేది, నేను వెళ్లి తీసుకునేవాణ్ణి. నీలమణి దుర్గమ్మ గుడికి ప్రతి ఏడూ ఇటునుంచి వెళ్లే వాళ్లు ఆ యేడు ఇంట్లోంచే దణ్ణం పెట్టుకున్నారు. దిగ్బంధం అంటే ఇలాంటివి. అంత పెద్ద సినిమాలో ఒక్క ముసలమ్మ మాత్రలైనా అయిపోలేదు.

బావిలాంటి చెరలోంచి బ్రూస్ వేన్ (ముసుగు లేని బ్యాట్‌మన్) తాడు లేకుండా ఎక్కి వచ్చే ఘట్టం చాలు, మిగతావి మర్చిపోతాం అంటారు అభిమానులు. ఆ చోటు బయటి దృశ్యాలు మన జోధ్‌పూర్‌లో తీశారని సంబరం కూడా. బాగా తీశారు, కాదనను. అయితే అది ఒక ధనవంతుడు తన భయాన్ని గెలిచిన కథ. మొదటి సినిమాలోనే అది ఒకసారి చెప్పేశారు.

ఆఖరి భాగంలో నన్ను కదిలించింది ఒక్కటే. అనాథ పిల్లల బస్సుతో బ్లేక్ అనే కుర్ర పోలీసు వంతెన దాకా వస్తాడు. అవతల గట్టున ఉన్న అధికారులు తమకొచ్చిన ఆదేశం ప్రకారం ఆ వంతెనను పేల్చేస్తారు. ఆ పిల్లల ముఖాలు నిమిషంసేపు కూడా తెరమీద ఉండవు.

సరిహద్దు గీసేవాళ్లకూ అంతే, గీత మీద ఉన్నవాళ్లు కనపడరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో మిగిలింది. జనం మాట్లాడే భాషకు పుస్తకాల్లో చోటు కావాలని ఈ ఊళ్లోంచే పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ నిర్ణయం నచ్చక ఇల్లూ వాకిలీ వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. తొంభై ఏళ్లు కావస్తోంది. ఈనాటికీ మా ఊళ్లు తెలుగు సినిమాలో కనిపిస్తే చాలావరకు గంజాయి లారీ దాటే చెక్‌పోస్టుగానే. ఆ చెక్‌పోస్టు పక్కన టీ కొట్టు నడిపే మనిషి ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా మాట్లాడతాడు. అతని మీద ఇప్పటిదాకా ఎవరూ కెమెరా పెట్టలేదు.