సెల్లారులో వీధి బడి

వేసవి సెలవుల్లో మా అపార్టుమెంటు సెల్లారులో పిల్లల క్రికెట్‌కి రెండు కార్ల అద్దాలు పోయాయి. పిల్లలకు ఏదో ఒక పని కల్పించాలని అసోసియేషన్ తీర్మానం చేసింది. సరిగ్గా అప్పుడే అనంతపురం నుంచి మా మావయ్య దిగాడు. రిటైరైన తెలుగు మాస్టారు. కూకట్‌పల్లిలో ఆయనకు పొద్దుపోదు, ఇక్కడి పిల్లలకు తెలుగు రాదు. రెండు లోట్లూ ఒకేసారి తీరతాయని సెక్రటరీ గారు సంబరపడ్డారు.

ఆ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మావయ్యకు ఒక పాత పుస్తకం దొరక్కపోయి ఉంటే వ్యవహారం మామూలు ట్యూషన్‌తో పోయేది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, మీ మీ జిల్లాల్లో బళ్ళెన్ని, చదివే పిల్లలెందరు అని కలెక్టర్లందరినీ లెక్క అడిగాడు. వాళ్ళు పంపిన జవాబులు ఆ పుస్తకంలో ఉన్నాయి. బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో రాసిన జవాబు దగ్గర మావయ్య చూపు ఆగిపోయింది. 1882లో విడదీసేదాకా అనంతపురం కూడా బళ్ళారి జిల్లాలోదే. కాబట్టి కాంప్‌బెల్ రాసింది మా ఊరి సంగతేనని ఆయన వాదన.

"చూడబ్బీ, జిల్లా మొత్తం మీద 533 బళ్ళు. పిల్లలు 6,641 మంది. తెలుగు చెప్పే బళ్ళు 226. ఇంగ్లీషుది ఎన్నో చెప్పు? ఒక్కటి!"

మా వీధిలో ఇంగ్లీషుబళ్ళే నాలుగు ఉన్నాయి. తెలుగుకు ఆ ఒక్కటీ లేదు.

కాంప్‌బెల్ దొర రాసిన ప్రకారం పిల్లలు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దాలి. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పాలి. ఇంత తక్కువ ఖర్చు పద్ధతిని ఇంగ్లండులో కూడా అనుకరించారని, అది తగిన పనేనని దొర మెచ్చుకున్నాడు. "వాళ్ళే కాపీ కొట్టినాక మన సెల్లారుకేం రోగం?" అని మావయ్య ఎదురు బిల్డింగు మేస్త్రీని బతిమాలి నాలుగు తట్టల సన్న ఇసుక తెప్పించాడు. జనరేటర్ పక్కన చక్కగా పరిపించాడు.

సెల్లారులో ఉండే పిల్లులు ఆ ఏర్పాటు తమకోసమే అనుకున్నాయి.

మర్నాడు పొద్దున 104 వాళ్ళ చిన్నది 'అ' దిద్దబోయి, "తాతా, ఇక్కడ మెత్తగా ఏదో ఉంది" అంది. "దిద్దొద్దు! దిద్దొద్దు!" అని మావయ్య వేసిన కేక రెండో అంతస్తు దాకా వినిపించింది. వాచ్‌మన్ చీపురు పట్టుకొచ్చి, "సార్, ఇసుకనన్న తీసెయ్యుండ్రి, లేకుంటే పిల్లులనన్న బడిల షరీకు చేస్కోండ్రి" అన్నాడు. ఆ రోజు నుంచి ఇసుక మా ఇంటి స్టీలు పళ్ళాల్లోకి మారింది. మేం అరిటాకుల్లోకి మారాం.

ఇసుక గొడవ సర్దుకుంది గానీ, హాజరు గొడవ అంత తేలిగ్గా సర్దుకోలేదు. ఆనాటి బళ్ళు పొద్దున ఆరింటికి తెరిచేవారట. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాయాలి. రెండోవాడి చేతిలో సున్నా. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చే ఒక్కొక్కడికీ ఒక్కొక్కటి ఎక్కువ. మావయ్య దయగలవాడు కనుక దెబ్బల్ని గుంజీలుగా మార్చాడు. పదకొండోవాడు తొమ్మిది గుంజీలు తీయాలి. ఈ లెక్క పిల్లలు ఎవరూ చెప్పకుండానే పట్టేశారు. లెక్కలు రావని వాళ్ళ తల్లిదండ్రులు ఇన్నాళ్ళూ ఎందుకు బాధపడ్డారో మరి!

వారం తిరిగేసరికి తెల్లవారుజామున ఐదింటికే లిఫ్టు ఆడడం మొదలైంది. 301 కవలలు ఒకరినొకరు నెట్టుకుంటూ మెట్ల మీద పడ్డారు. పాలబ్బాయి లిఫ్టు దొరక్క ప్యాకెట్లు మెట్ల కిందే పెట్టి వెళ్ళిపోయాడు. వీటన్నిటినీ జనం సహించారు. సహించనిది సున్నా. 203 అబ్బాయి రోజూ రెండోవాడుగా వచ్చేవాడు. వాళ్ళమ్మ ఒకరోజు అబ్బాయి అరచేతిని పట్టుకుని సాక్ష్యంలా తీసుకొచ్చింది.

"మాస్టారూ, స్కూల్లో వీడికి ఎప్పుడూ ఏ ప్లస్సే. మీరేంటి రోజూ సున్నా వేస్తున్నారు?"

"సున్నా అంటే తప్పూ లేదు, మెప్పూ లేదు అని తల్లీ."

"మెప్పు ఎందుకు లేదండీ?"

మావయ్య పుస్తకమంతా తిరగేశాడు. ఈ ప్రశ్నకు కలెక్టరు గారు జవాబు రాయలేదు.

ఇక డబ్బు. 1871 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీలో భూమి మీద సెస్సు వేసి, ఆ సొమ్ముతో రోడ్లూ బళ్ళూ నడిపారు. 1884 చట్టం వచ్చాక పల్లెల్లో బళ్ళు తాలూకా బోర్డుల కిందికి చేరాయి. మావయ్య అదే బాటలో పలకలకూ మజ్జిగకూ మెయింటెనెన్స్ మీద ఫ్లాటుకు యాభై రూపాయల సెస్సు ప్రతిపాదించాడు. 402 పెద్దాయన వెంటనే లేచాడు. ఆడిట్ శాఖలో రిటైరైన మనిషి. లిఫ్టు గ్రీజు బిల్లుకు కూడా కొటేషన్లు అడుగుతాడు.

"సెస్సు కట్టొచ్చు. కానీ మీ దొరలే ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చారు కదా, ఇక్కడా అలాగే ఇద్దాం" అన్నాడు. ఆయనా చదువుకున్నవాడే మరి.

ఇంగ్లండులో 1862లో మొదలైన ఆ పద్ధతి మన వైపుకీ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఒక్కో పిల్లవాణ్ణి చదువు, రాత, లెక్కల్లో పరీక్షిస్తాడు. పాసైన తలకు ఇంతని గ్రాంటు. పిల్లవాడు ఆ పూట బిక్కచచ్చి నోరు తెరవకపోతే పంతులి ఇంట్లో పొయ్యికి కష్టం. పిల్లవాడికి జ్వరం, పంతులికి పస్తు. అంత అందమైన పద్ధతిని మా అసోసియేషన్ ఏకగ్రీవంగా ఆమోదించింది. తలకు ఇరవై రూపాయలు, ఇన్‌స్పెక్టర్ 402 పెద్దాయనే.

తనిఖీ రోజుకు సగం మంది పిల్లలు అమ్మమ్మల ఊళ్ళకు పోయారు. మిగిలినవాళ్ళలో కొందరు స్విమ్మింగు క్లాసుకు పోయారు. మావయ్య ముఖం చూసి వాచ్‌మన్‌కు జాలేసింది. "తలలే గదా సార్" అని తన ఇద్దరు పిల్లల్నీ, ఇస్త్రీ అతని కొడుకునీ, పక్క అపార్టుమెంటు వాచ్‌మన్ కూతురినీ తెచ్చి కూచోబెట్టాడు. మావయ్య కళ్ళు మూసుకుని ఊరుకున్నాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, అక్కడ పూర్తి అంగీకారమే ఉంది.

హాజరు పట్టీలో పేర్లు లేవు, ఫ్లాటు నంబర్లే. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, "501 పెద్దవాడు" అని పిలిచాడు.

"హాజర్ సార్!" అని ఇస్త్రీ అతని కొడుకు లేచాడు.

"నువ్వు 501 ఏంట్రా? పొద్దున మా చొక్కాలు తెచ్చింది నువ్వే కదా?"

"501 చొక్కాలు కూడా నేనే తెస్తా సార్."

పెద్దాయన చేతిలోని పేపరు వాడి ముందు పడేసి చదవమన్నాడు. సర్కారు బడిలో ఐదో తరగతి పిల్లవాడు సంపాదకీయం మొదటి లైను నుంచి ఎక్కడా తడబడకుండా చదివేశాడు. ఆపమన్నా ఆపలేదు. పక్క అపార్టుమెంటు పిల్ల గుణింతం మొత్తం రాసింది. వాచ్‌మన్ పిల్లలు కూడికలు నోటితో చేసేశారు. తర్వాత అసలు మనవాళ్ళ వంతు. 301 కవలలకు 'ళ', 'శ' దగ్గర అభిప్రాయభేదం వచ్చి జుట్లు పట్టుకున్నారు. 203 అబ్బాయి ఇవాళ రెండోవాడిగా రాలేదన్న సంతోషంలో ఏం అడిగినా నవ్వాడు. 402 పెద్దాయన సొంత మనవడు ఒత్తులు చూసి, "తాతయ్యా, దీనికి స్పెల్లింగ్ ఏంటి?" అన్నాడు.

పెద్దాయన ఆడిట్ మనిషి. ఉన్నది ఉన్నట్టు రాస్తాడు. సాయంత్రం నోటీసు బోర్డు మీద నివేదిక అంటించాడు: "ఉత్తీర్ణులైనవారు అపార్టుమెంటు వారు కారు. అపార్టుమెంటు వారు ఉత్తీర్ణులు కారు. గ్రాంటు: నిల్."

తలలు ఎక్కడివైతేనేం, చదివింది తన ముందే కదా అని మావయ్య రెండు పేజీల అప్పీలు రాశాడు. గ్రాంటు రాలేదు గానీ, మజ్జిగ ఖర్చు కింద ఎనభై రూపాయలు ఇచ్చారు. అంటే సరిగ్గా నాలుగు తలలు.

మర్నాడు ఐదు కాకముందే లిఫ్టు ఆడింది. 402 పెద్దాయన మనవణ్ణి రెక్క పట్టుకుని సెల్లారుకు దిగాడు. ఇస్త్రీ అతని కొడుకు అప్పటికే పళ్ళెం ముందేసుకుని కూచుని ఉన్నాడు. మావయ్య వాడి చేతిలో సరస్వతి పేరు రాసి, మనవడి చేతిలో నిండైన సున్నా చుట్టాడు. పెద్దాయన ఒక్క మాటా అనలేదు. ఆ సాయంత్రం అసోసియేషన్ మీటింగులో మాత్రం, ఇకమీదట మొదటి ఇద్దరి చేతుల్లోనూ సరస్వతి పేరే రాయాలని తీర్మానం పెట్టాడు. 203 వాళ్ళమ్మ గట్టిగా బలపరిచింది. సున్నా ఇప్పుడు మూడోవాడికి దిగుతుందని లెక్కగట్టి, 104 వాళ్ళు మాత్రం తమ అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయించారు.