లిథువేనియా యూదుల ఊళ్లు ఇక దొరకవా? అది నిజం కాదు

"లిథువేనియాలో యూదుల ఊళ్లు పటంలోంచే మాయమయ్యాయి. ఆనవాళ్లు చెరిపేయడానికి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పేర్లు మార్చేశారు. రికార్డులన్నీ కాలిపోయాయి. వెతకడం దండగ." పూర్వీకుల ఊరు వెతుక్కునేవాళ్లకు ఈ మాట పదేపదే ఎదురవుతోంది. ఇందులో చాలావరకు తప్పు.

మాయమైంది ఊళ్లు కాదు, మనుషులు. 1941 జూన్‌లో జర్మన్ సైన్యం వచ్చేనాటికి అక్కడ రెండు లక్షలకు పైగా యూదులున్నారు. వాళ్లలో 90 శాతానికి మించి చంపేశారు. స్థానికులూ ఇందులో పాల్గొన్నారు. ఎక్కువమందిని ఆ ఏడాది ముగిసేలోపే, సొంత ఊళ్ల పక్కనున్న అడవుల్లో గుంటలు తీసి కాల్చేశారు. ఊరే లేదంటే ఈ హత్యలు ఎక్కడ జరిగాయన్నదీ మరుగున పడుతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

పేర్ల సంగతి. యూదులు తమ భాష యిడ్డిష్‌లో విల్కొమిర్ అన్నదే లిథువేనియన్‌లో ఉక్మెర్గె. శావ్ల్ అంటే షౌలై, కైదాన్ అంటే కెదైనై. యుద్ధానికి ముందే ఈ పేర్లు పక్కపక్కన వాడుకలో ఉన్నాయి. అధికారికంగా పేరు మారిన ఊళ్లు లేకపోలేదు. జరసై ఊరిని 1836లో, అప్పుడు లిథువేనియాను ఏలుతున్న రష్యా చక్రవర్తి జార్ ప్రభుత్వం నొవొఅలెక్సాంద్రొవ్‌స్క్ చేసింది. మరియంపొలె 1955 నుంచి 1989 దాకా సోవియట్ నాయకుడి పేరుతో కప్సుకస్ అయింది. ఈ మార్పులకు యూదుల ఆనవాళ్లతో సంబంధం లేదు.

రికార్డులు అన్ని ఊళ్లవీ మిగల్లేదు, నిజమే. కానీ జార్ కాలపు జనాభా పన్ను జాబితాలు, 1835 తర్వాతి జనన, వివాహ, మరణ రిజిస్టర్లు విల్నియస్‌లోని చారిత్రక ఆర్కైవ్స్‌లో చాలానే ఉన్నాయి.

వెతుకులాట తరచూ ఆగిపోయేది వేరేచోట. పాత కాగితంలో "కొవ్నొ" అని ఉంటే అది కౌనస్‌కు రష్యన్ పేరు కాబట్టి అందరూ ఆ నగరమే అనుకుంటారు. అది కొవ్నొ గుబెర్నియా, అంటే ఆ పెద్ద పాలనా ప్రాంతం మొత్తం కావచ్చు. "పోలండ్" అని ఉన్నా లిథువేనియాను కొట్టిపారేయకూడదు. ఇప్పుడు లిథువేనియాలో ఉన్న మరియంపొలె, విల్కవిష్కిస్ అప్పట్లో సువల్కి గుబెర్నియాలో, రష్యా జార్ ఏలుబడిలోని పోలండ్ రాజ్యం కింద ఉండేవి. అక్కడి రిజిస్టర్లు 1868 దాకా పోలిష్‌లో రాశారు, తర్వాత రష్యన్‌లో. "నైష్తోత్" మరీ చిక్కు, ఆ పేరుతో ఒకటికి రెండు ఊళ్లున్నాయి. అందుకే యూదులు పక్క ఊరి పేరు కలిపి ఒకదాన్ని నైష్తోత్-షాకి అనీ, ఇంకోదాన్ని నైష్తోత్-తావ్రిగ్ అనీ పిలిచేవారు. కాబట్టి కుటుంబ ఉత్తరాల్లో, సమాధి రాళ్ల మీద పక్క ఊళ్ల పేర్లు కనబడితే వాటినీ రాసిపెట్టుకోండి.