డ్రమ్ముల్లోకి తొంగిచూసేవాళ్లను గుమ్మంలోనే ఆపమంటున్న సందేశానికి జవాబు

వానలు మొదలై నెల తిరగకముందే వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక సందేశం వచ్చి చేరుతుంది. మాటలు ఏటా కాస్త మారతాయి, సారాంశం మారదు. "డెంగీ దోమ మురుగు కాలవల్లో పుడుతుంది. మునిసిపాలిటీ వాళ్లు కాలవలు తీయరు, పొగ మిషన్ తిప్పరు. పని చేస్తున్నట్టు కనిపించడానికి మన ఇళ్లలోకి వచ్చి డ్రమ్ముల్లో నీళ్లు ఒలకబోయిస్తారు, విషం కలుపుతారు. లోపలికి రానివ్వకండి. డెంగీ దోమ మోకాలు దాటి ఎగరలేదు. మోకాళ్ల కింద కొబ్బరి నూనె రాసుకోండి, అది యాంటీబయాటిక్. వానలు తగ్గితే దోమలూ పోతాయి." కింద పదిమందికి పంపమన్న ఆజ్ఞ ఎలాగూ ఉంటుంది.

కొబ్బరి నూనె మాట వరకే అయితే నవ్వి ఊరుకోవచ్చు. "లోపలికి రానివ్వకండి" అన్నదాన్ని అలా వదిలేయలేం. డెంగీ సీజన్లో దోమల పని చూసే మునిసిపాలిటీ మలేరియా విభాగం సిబ్బందికి అసలు పని ఉన్నది గడప లోపలే.

మొదట మురుగు సంగతి. మురుగులో పెరిగేది ప్రధానంగా క్యూలెక్స్ దోమ. రాత్రిపూట చెవి దగ్గర రొద పెట్టేది ఎక్కువగా ఇదే. బోదకాలును మోసేదీ ఇదే. కాబట్టి కాలవ పూడిక తీయమని, నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు ఉండలు (ఆయిల్ బాల్స్) వేయమని నిలదీయడం న్యాయమే. కానీ డెంగీని, చికున్‌గున్యాను మోసే ఏడిస్ ఈజిప్టై దారి వేరు. కాళ్ల మీద తెల్ల చారలుంటాయి, పగలు కుడుతుంది, పొద్దున్నా సాయంత్రం పొద్దు వాలే ముందూ దాని జోరు ఎక్కువ. మూత లేని డ్రమ్ము, సంపు, కూలర్, ఫ్రిజ్ వెనుక ట్రే, పూలకుండీ కింద పళ్లెం, మేడ మీద పడేసిన టైరు, పెరట్లో వాడకుండా వదిలేసిన రోలు దాని పురిటిళ్లు. 2005 చివర్లో మొదలై 2006లో రాయలసీమ ఇళ్లలో మనుషులను మంచం దిగనివ్వని చికున్‌గున్యా ఈ దోమ చలవే.

దోమలన్నీ ఒకటే అనుకుంటే ఎంత కాలం వృథా అవుతుందో సికింద్రాబాద్‌కు తెలుసు. మలేరియా దోమల ద్వారా వస్తుందని అక్కడే తేల్చిన బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ 1895లో పరిశోధన మొదలుపెట్టి చాలాకాలం మలేరియాతో సంబంధం లేని జాతుల దోమలను కోసి చూస్తూ గడిపాడు. చివరికి అనాఫిలిస్ దోమ చేతికి చిక్కాకనే, 1897 ఆగస్టు 20న, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. ఈ దోమ రక్తం తాగాక ఇంటి గోడ మీద వాలుతుంది. అందుకే పాడేరు, భద్రాచలం ఏజెన్సీ గ్రామాల్లో గోడలకు మందు పిచికారీ చేస్తారు. పండగకని ఆ గోడను మళ్లీ మట్టితో అలికితే మందు అలుకు కిందకు పోతుంది. ఏ దోమకు ఏ పని అన్నది తెలియకుండా సిబ్బందిని తిట్టడం తేలికే.

సిబ్బంది డ్రమ్ములో ఏం చూస్తారో ఒకసారి మీరూ చూడండి. మూత తీయగానే ఏమీ కనిపించదు, ఎందుకంటే మీ నీడ పడగానే లార్వాలు (దోమ పిల్లపురుగులు) మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోతాయి. టార్చి వేసి కాసేపు కదలకుండా ఉంటే గాలి కోసం ఒక్కొక్కటే పైకి వస్తాయి. తోక చివర ఉన్న గొట్టాన్ని నీటి మట్టానికి ఆనించి, తల కిందికి వేలాడదీసుకుని ఉంటాయి. గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు చాలు. మన ఊళ్లలో 'ఫ్రైడే డ్రైడే' అని వారానికోసారి పాత్రలు ఖాళీ చేయించడం వెనుక లెక్క అదే.

ఇక పొగ. ఫాగింగ్ మిషన్ వీధిలోకి వస్తే పిల్లలు వెంటపడతారు, కార్పొరేటర్‌తో ఫొటో కూడా వస్తుంది. దోమల పనిలో కంటికి కనిపించేది అదొక్కటే కాబట్టి జనం అడిగేదీ అదే. ఆ పొగ అప్పుడు గాలిలో ఎగురుతున్న దోమను చంపుతుంది, గుడ్డునూ లార్వానూ, అది దోమగా మారే ముందు దశ అయిన ప్యూపానూ తాకదు. పైగా ఏడిస్ మన ఇళ్లలోనే మంచాల కింద, కర్టెన్ల వెనుక, కొక్కేనికి తగిలించిన నల్ల చొక్కా మడతల్లో నక్కి ఉంటుంది. పొగబండి చప్పుడు వినగానే మనం చేసే పని తలుపులూ కిటికీలూ మూసేయడం. బయటి పొగ చెదిరిపోతుంది, నాలుగు రోజులకు డ్రమ్ములోంచి కొత్త దోమలు లేస్తాయి. కేసులు బయటపడిన ఇంటి చుట్టూ, వైరస్ ఎక్కిన దోమలను వెంటనే తగ్గించడానికి పొగ కొట్టాలి, ఇళ్ల లోపల పైరెత్రం అనే దోమల మందు పిచికారీ చేయాలి. అది అత్యవసర చర్య. రోజూ సందు సందుకూ పొగ కావాలనడం డీజిల్‌కు దండగ.

మోకాలి సిద్ధాంతానికి ఎక్కువ చోటు అక్కర్లేదు. ఏడిస్ పాదాలనూ చీలమండలనూ ఎక్కువగా కుట్టే మాట నిజం, పుకారు అక్కడే పుట్టి ఉంటుంది. కుట్టే చోటు తక్కువ ఎత్తులో ఉందని ఎగిరే శక్తి తగ్గదు కదా! సింగపూర్‌లో 21 అంతస్తుల భవనం మధ్య అంతస్తులో గుర్తు పెట్టి వదిలిన ఈ దోమలు పైఅంతస్తు వరకూ వెళ్లాయి. డెంగీ వైరస్ వల్ల వస్తుంది, దాని మీద ఏ యాంటీబయాటిక్ కూడా పనిచేయదు, నూనె సంగతి చెప్పనే అక్కర్లేదు.

'విషం' అన్న భయం మాత్రం వెటకారం చేయదగింది కాదు. ఇంట్లో నీళ్లలో ఎవరో ఏదో వేస్తుంటే అడగాల్సిందే. వాడేది టెమిఫాస్ అనే లార్వాలను చంపే మందు. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా వాడితే తాగునీటి నిల్వల్లోనూ ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఒక శాతం మందు ఉన్న గుళికలైతే వంద లీటర్లకు పది గ్రాములు. కొలత లేకుండా గుప్పెడు చల్లేవాళ్లను ఆపండి, కొలిచి వేసేవాళ్లను కాదు. నా మట్టుకు తాగే నీళ్లకు బిగుతైన మూత, అది లేకపోతే నాలుగు మూలలా కట్టిన పలుచటి గుడ్డ చాలు, ఖాళీ చేయలేని సంపులకు, వాడని తొట్లకు మందు ఉంచుకోవాలి. బావుల్లో, కుంటల్లో అయితే గంబూసియా, గప్పీ చేపలు లార్వాలను తినేస్తాయి.

వానలు తగ్గితే దోమలు పోతాయన్నది ఆ సందేశంలో అన్నిటికంటే నమ్మబుద్ధయ్యే మాట. కానీ అది నిజం కాదు. ఏడిస్ గుడ్లను నీళ్ల మీద కాక, నీటి అంచుకు కాస్త పైన పాత్ర గోడకు అంటిస్తుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే ఒట్టిగా ఒలకబోస్తే సరిపోదు, పీచు పెట్టి అంచులు గట్టిగా తోమాలి. చాలా చోట్ల వానాకాలానికని కూలికి తీసుకున్న సిబ్బందిని చలి మొదలవగానే పంపించేస్తారు. ఎండాకాలంలో మేడల మీద ఎండిన తొట్లు తోమించేవాడు ఉండడు.

సందేశం రాసినవారి కోపంలో న్యాయం లేకపోలేదు. కుళాయి నాలుగు రోజులకోసారి వచ్చే పేటలో డ్రమ్ములు ఖాళీ చేయమనడం అన్యాయం. అక్కడివాళ్లు నీళ్లు దాచుకునేది సరదాకు కాదు. అలాంటి చోట డ్రమ్ముకు సరిపోయే మూత ఇవ్వాలి, నీళ్లు ఏ రోజు ఏ గంటకు వస్తాయో ముందే చెప్పాలి. కడుతూ కడుతూ ఆపేసిన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో, లిఫ్టు గుంతల్లో, తాళం వేసి వెళ్లిన ఇళ్ల సంపుల్లో నీళ్లు నెలల తరబడి నిలుస్తాయి. రోజుకూలి మీద వచ్చిన మనిషి ఆ తాళం తీయలేడు, బిల్డరుకు జరిమానా వేయలేడు. ఆ గేటు తెరిపించమని కమిషనర్‌కు అర్జీ రాసి, దాన్ని పదిమందికి పంపండి.