ఫ్రీ వైఫై మహాప్రసాదం

హోటల్లో కూర్చోగానే మంచినీళ్లు అడిగే రోజులు పోయాయి. ఇప్పుడు మొదటి మాట "వైఫై ఉందా?", రెండో మాట "పాస్‌వర్డ్ ఏంటి?" మెనూ కార్డు సంగతి ఆ తర్వాత. ముక్క ఉడకలేదని మేనేజర్ని పిలిచి దులిపేసే మనిషి, గ్లాసు మీద మరక చూసి సీసా నీళ్లు తెమ్మనే మనిషి, వైఫై దగ్గరికి వచ్చేసరికి పరమ భక్తుడైపోతాడు. వంటింటిని నమ్మడు గానీ రూటర్ని నమ్ముతాడు.

ఆ రూటర్ని ఎప్పుడైనా చూశారా? క్యాష్ కౌంటర్ వెనక, లక్ష్మీదేవి పటం పక్కన, అగరబత్తి పొగకి మసిబారి ఉంటుంది. ఒక యాంటెన్నా విరిగిపోయింది. రెండోదానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. నెట్టులోకి దొంగలు దూరకుండా కాపలా కాసే ఫైర్‌వాల్ అంటే అదే.

మొన్న కూకట్‌పల్లిలో ఒక సెల్లార్ హోటల్లో పక్క టేబుల్ పెద్దాయన పాస్‌వర్డ్ అడిగాడు. వెయిటర్ కెప్టెన్ని అడగమన్నాడు. కెప్టెన్ క్యాషియర్ వైపు చూశాడు. క్యాషియర్ అక్కణ్నుంచే కేకేశాడు: "హోటల్ పేరే సార్, అన్నీ చిన్నక్షరాలే, చివర్లో వన్ టూ త్రీ ఫోర్!" హాలంతా విన్నది. పార్సిల్ కోసం నిలబడ్డ డెలివరీ కుర్రాళ్లు విన్నారు. మెట్ల పక్కన పాన్‌డబ్బా అతనికి వినాల్సిన పనే లేదు, అతని ఫోను ఎప్పట్నుంచో ఆ నెట్టు మీదే బతుకుతోంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. తెర మీద ఒక ఫారం వచ్చింది. పేరు, మొబైల్ నంబరు, ఈమెయిల్, పుట్టినరోజు. ఆయన అన్నీ శ్రద్ధగా నింపాడు. చివరి గడిలో పెళ్లిరోజు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ఎదురుగా ఉన్న భార్యని అడిగాడు: "ఏమే, మన పెళ్లి ఫిబ్రవరా, మేనా?" ఆవిడ చెంచా కింద పెట్టింది. "ఇన్నేళ్లలో నేను అడిగితే ఒక్కసారీ గుర్తురాలేదు, హోటలువాడు అడిగితే కావాల్సొచ్చిందాండీ?" అంది. అయినా చెప్పింది. ఇక ఓటీపీ రావాలి. సెల్లార్లో సిగ్నల్ లేదు. పెద్దాయన మెట్లెక్కి రోడ్డు మీదికెళ్లాడు. అక్కడ తన సొంత ఫైవ్‌జీ నిండుగా వెలుగుతుంటే, దాని మీద ఓటీపీ అందుకుని, టైమ్ అయిపోతుందని అంకెలు పైకి చదువుకుంటూ కిందికి పరిగెత్తుకొచ్చాడు. కనెక్టయింది. ఫోన్లో చక్రం తిరగడం మొదలెట్టింది. బిర్యానీ చల్లారిపోయింది.

స్పీడు గురించి ఎక్కువ చెప్పను. ఇలాంటి పాత వైఫైలో ఒక చానల్ మీద, అంటే ఒక రేడియో దారిలో, ఒకేసారి ఒక్క పరికరమే మాట్లాడగలదు, మిగతా టేబుళ్లన్నీ వంతు కోసం చూస్తుండాలి. పాత రూటర్లు పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల దగ్గరే మైక్రోవేవ్ ఓవెన్ కూడా పనిచేస్తుంది కాబట్టి లోపల ఎవరికో గులాబ్‌జామ్ వేడి చేస్తే బయట వీడియో తడబడొచ్చు. 2016లో జియో వచ్చిన దగ్గర్నుంచి డేటా చవకైపోయింది. రోజుకి ఇన్ని జీబీలని కొనుక్కున్నది రాత్రి 12కి మురిగిపోతుంది. అయినా ఫ్రీ అంటే ఫ్రీయే కదా.

ఇంత కష్టపడి కనెక్టయ్యాక పెద్దాయన మొదట తెరిచింది బ్యాంకు యాప్. పాస్‌వర్డ్ లేని ఓపెన్ వైఫైలో పక్కవాడి ఫేస్‌బుక్‌లోకి రెండు క్లిక్కుల్లో దూరొచ్చని ఫైర్‌షీప్ అనే చిన్న సాధనం 2010లోనే లోకానికి చూపించింది. తర్వాత సైట్లు చాలావరకు దారిలో ఎవడూ చదవలేకుండా సమాచారం పంపే హెచ్‌టీటీపీఎస్‌కి మారాయి, ఆ భయం బాగా తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ అదే పేరుతో, ఊరంతా విన్న అదే పాస్‌వర్డ్‌తో ఇంకో వైఫై పెట్టడానికి పార్కింగులో కూర్చున్నవాడికి ఒక ఫోను చాలు. మీ ఫోన్ తేడా కనిపెట్టదు. వాడు చూపించే ఫారం కూడా ఇలాగే ఉంటుంది. మీరు అలాగే శ్రద్ధగా నింపుతారు.

షరతులు చదివారా అని అడగను. 2014లో లండన్‌లో ఒక ఫ్రీ వైఫై పెట్టి, వాడుకుంటే మీ మొదటి సంతానాన్ని మాకిచ్చేయాలని షరతుల్లో రాశారు. ప్రయోగమే లెండి. ఆరుగురు సరేనన్నారు. మన హోటళ్లు పెళ్లిరోజుతో సరిపెట్టుకుంటున్నాయి, వాళ్ల దయ.

ఎవరు వాడుతున్నారో తెలియాలని రూలుందంటారు. ఉంది, 2009లో టెలికం శాఖ చెప్పింది. సరే, నంబరు తీసుకోండి. పుట్టినరోజు ఏ రూల్లో ఉంది? పెళ్లిరోజు ఏ శాఖ అడిగింది? బిల్లు వేయడానికి ఫోన్ నంబరు ఇమ్మని పట్టుబట్టొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకు చెప్పింది. ఎవడు విన్నాడు? ఇల్లు చేరేలోపే ఆఫర్ల మెసేజ్ వస్తుంది. వారం తిరిగేసరికి ప్లాట్లవాడు, లోన్లవాడు, క్రెడిట్ కార్డువాడు. నంబరు ఎవడిచ్చాడంటే ఎవడూ ఇవ్వలేదు! పేరూ పుట్టినరోజూ చెప్పి "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం సార్" అనేవాడిని రిటైరైన మాస్టారు నమ్మకుండా ఎలా ఉంటాడు? ఆయన పీఎఫ్ డబ్బు ఊడ్చుకుపోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని అందరూ సలహా ఇస్తారు. ముసలాయనకి బుద్ధి లేదని కూడా అంటారు. పావుగంట నెట్టు చూపించి మనిషి జాతకమంతా రాయించుకున్నవాణ్ని మాత్రం ఏ ఒక్కడూ నిలదీయడు. సిగ్గుండాలి.

బిల్లుతో పాటు సోంపు, ఒక ఫీడ్‌బ్యాక్ కాగితం కూడా వస్తాయి. అందులోనూ ఫోన్ నంబరుకి పది గళ్లు. నేను ఆ గళ్లలో హోటల్ బోర్డు మీదున్న నంబరే రాసిస్తుంటాను. వాళ్ల ఆఫర్లేవో వాళ్లే వాడుకోనీ.