గోప్యంగా ఉంచబడును

పరిశోధన పేరుతో ఎవరినైనా వాళ్ల జబ్బు గురించో జీతం గురించో అడగాలంటే ముందు అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకోవాలి. అందులో ఒక వాక్యం ఉంటుంది: ‘మీ వివరాలు గోప్యంగా ఉంచబడును.’ కర్మణి ప్రయోగం తెలుగుకు నప్పదని, వాడొద్దని మా తెలుగు మాస్టారు చెవి మెలిపెట్టి మరీ చెప్పేవారు. పాపం, దాని ఉపయోగం ఆయనకు తెలియదు. ఉంచబడును, సరే. ఎవరిచేత? వాక్యంలో కర్త లేడు. లేని కర్తను బాధ్యత అడగడం వ్యాకరణ విరుద్ధం.

మొన్న ఆధార్ కాపీ కోసం తార్నాక వైపు వెళ్లినప్పుడు ఆ కర్త కనిపించాడు. జిరాక్స్ షాపు నడుపుతున్నాడు.

వాట్సాప్‌లో పంపమంటే పంపాను. అతని కంప్యూటర్ తెర నిండా ఫైళ్లే, వెనకున్న వేంకటేశ్వరస్వామికి కిరీటం మాత్రమే మిగిలింది. ‘థీసిస్ ఫైనల్’, ‘థీసిస్ ఫైనల్ 2’, ‘గైడ్ సార్ కరెక్షన్ ఫైనల్’, ‘టీబీ పేషెంట్స్ డేటా లాస్ట్’. నాది వెతుకుతూ అతను చివరిదాన్ని తెరిచాడు. నేను చూడకూడదు. చూశాను.

పేర్లు తీసేశారు, అందుకు ఆ పరిశోధకుణ్ని మెచ్చుకోవాలి. బస్తీ, వయసు, చేసే పని, పిల్లలు, అంతే. 17వ వరసలో 43 ఏళ్ల అంగన్‌వాడీ టీచరు, కవల పిల్లల తల్లి. ఒక బస్తీలో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు? వీధి మొదట్లో ఇస్త్రీ బండి దగ్గర అడిగితే ఇంటిదాకా వచ్చి తలుపు కొట్టి మరీ చూపిస్తారు. ‘ఎవరికీ చెప్పరు కదమ్మా’ అని ఆమె ఒకటికి రెండుసార్లు అడిగే ఉంటుంది. ఇంట్లో అత్తగారికి కూడా చెప్పని జబ్బేమో.

ఇక ఏ వరస ఎవరిదో అదే ఫైల్లో రెండో షీటులో ఉంది, ఫోన్ నంబర్లతో సహా. తాళం వేసి, చెవిని ఆ తాళానికే కట్టి వేలాడదీశారన్నమాట. ఆ రెండో షీటును విడిగా, వేరే చోట, పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసి దాచాలట. రేపు సబ్మిషన్ పెట్టుకుని ఇవాళ పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది?

1990లలో అమెరికాలో లతాన్యా స్వీనీ అనే విద్యార్థిని, పేర్లు తీసేసిన ఆసుపత్రి రికార్డుల్లోంచి మసాచుసెట్స్ గవర్నర్ రికార్డును పట్టుకుంది. పుట్టినతేదీ, లింగం, పిన్‌కోడ్ లాంటి వాళ్ల జిప్ కోడ్, ఈ మూడూ ఓటర్ల జాబితాతో పోల్చి చూసింది. ఆ జాబితాకు 20 డాలర్లు పోసింది. మన దగ్గర ఓటర్ల జాబితా ఎన్నికల సంఘం వెబ్‌సైట్లోనే దొరుకుతుంది. భర్త పేరు, ఇంటి నంబరు, వయసు అన్నీ ఉంటాయి. ఇస్త్రీ బండి ఉండగా అదీ అక్కర్లేదనుకోండి.

చట్టం లేదా అంటే ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, తగిన భద్రత పెట్టక డేటా బయటికి పొక్కితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పడొచ్చు. పరిశోధనకు మినహాయింపు ఉంది, నిర్దేశించిన ప్రమాణాలు పాటిస్తే. మనవాళ్లు కామా దాకా చదివి పుస్తకం మూసేశారు.

మనుషుల మీద పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ దరఖాస్తులో ‘డేటా ఎక్కడ భద్రపరుస్తారు?’ అని అడుగుతారు. ‘తాళం వేసిన బీరువాలో’ అని రాస్తాం. అబద్ధం కాదు. బీరువా ఉంది, తాళం ఉంది, లోపల గైడ్ గారి సన్మానం శాలువాలు అత్యంత గోప్యంగా ఉన్నాయి. నా మనవి ఏమిటంటే, ఆ గడిలో ‘జిరాక్స్ అన్న దగ్గర’ అని రాసే స్వేచ్ఛ కల్పించాలి. ఆరేళ్ల కిందటి థీసిస్ పోగొట్టుకుని ఏడుస్తూ వచ్చినవాడికి ఆయన రెండు నిమిషాల్లో తీసిచ్చాడు. అంతటి బ్యాకప్ మన విభాగాల్లో చూపించండి. భద్రతలోనూ తక్కువ కాదు, వైరస్ భయంతో పెన్‌డ్రైవ్ ముట్టడు. అందుకే అందరం వాట్సాప్‌లో పంపుతాం.

నా కాపీలు చేతికిచ్చి, పదిరూపాయలు తీసుకుని, మర్యాదగా అడిగాడు: “సార్, మీ ఆధార్ డిలీట్ చెయ్యాల్నా, ఉండనియ్యాల్నా? మళ్ల అవసరం పడ్తది గదా.”

బయట ఎండ మండిపోతోంది. మళ్లీ ఫోన్ తీసి, మళ్లీ వెతికి, మళ్లీ ఎవరు పంపుతారు? ఉండనియ్యమన్నాను.