బొమ్మ కింద పేరు

చెల్సీ ఫిజిక్ గార్డెన్‌కి నేను మొదటిసారి వెళ్ళింది మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం. లండన్‌లో థేమ్స్ నదికి దగ్గర్లో, ఎత్తైన గోడల మధ్య ఉండే ఔషధ మొక్కల తోట అది. మందులు తయారుచేసేవాళ్ళ సంఘం 1673లో ఈ తోట వేసింది, తమ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళు మొక్కల్ని చూసి గుర్తుపట్టాలని. 1730లలో దీని పక్కనే స్వాన్ వాక్ అనే వీధిలో ఎలిజబెత్ బ్లాక్‌వెల్ అనే చిత్రకారిణి ఇల్లు అద్దెకు తీసుకుంది. రోజూ తోటలోంచి తాజా మొక్కలు తెచ్చుకుని బొమ్మలు గీసేది.

ఆమె కథ ఎక్కడ చదివినా ఒకేలా మొదలవుతుంది. భర్త అలెగ్జాండర్ ప్రింటింగ్ వ్యాపారంలో నష్టపోయి, అప్పు తీర్చలేనివాళ్ళని పెట్టే జైలుకు వెళ్ళాడు, భార్య బొమ్మలు గీసి ఆయన్ని విడిపించుకుంది. మన స్నేహితుల్లో ఒకావిడకి చెబితే "అచ్చం సావిత్రి కథలా ఉందే!" అంది. ఆ మాట ప్రేమగానే అంది, కానీ నాకు మింగుడుపడలేదు. సావిత్రి యముడి వెంట నడిచి మాటలతో గెలిచింది. ఎలిజబెత్ రెండేళ్ళకు పైగా రాగి రేకుల మీద వంగి కూర్చుని గెలిచింది. పతిభక్తిని ముందుకు తెచ్చి ఆ చాకిరీని, ఆ నైపుణ్యాన్ని వెనక్కి నెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఆ పని ఎలాంటిదో చూడండి. ముందు మొక్కని ఎదురుగా పెట్టుకుని ఆకు, పువ్వు, కాయ, వేరు తేడా రాకుండా గీయాలి. తర్వాత ఆ బొమ్మని సన్నటి పనిముట్టుతో రాగి రేకు మీద చెక్కాలి. రేకు మీద చెక్కింది అచ్చులో కుడిఎడమలు తారుమారై వస్తుంది కాబట్టి అక్షరాలన్నీ తిరగేసి చెక్కాలి. అచ్చయి వచ్చిన కాగితాలకు ఒక్కొక్కదానికీ చేత్తో రంగులు వేయాలి. అప్పట్లో గీసేవాళ్ళు వేరు, చెక్కేవాళ్ళు వేరు, రంగులు వేసేవాళ్ళు వేరు. ఎలిజబెత్ మూడూ తనే చేసింది. ఒకటీ రెండూ కాదు, 500 మొక్కలు! వారానికి నాలుగు బొమ్మల చొప్పున 125 వారాలు విడుదల చేసింది. 'ఎ క్యూరియస్ హెర్బల్' పేరుతో అవి 1737లో ఒక సంపుటంగా, 1739లో రెండోదిగా వచ్చాయి.

ఇందులో వ్యాపార తెలివి కూడా ఎంత ఉందో! కొత్త ప్రపంచం, అంటే అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్కలతో సహా మంచి బొమ్మలున్న ఔషధ గ్రంథం డాక్టర్లకు కావాలని ముందే కనిపెట్టింది. ముందుగా కొన్ని బొమ్మలు గీసి హాన్స్ స్లోన్ లాంటి పెద్ద వైద్యులకు చూపించింది. తోట బాధ్యతలు చూసే ఐజాక్ రాండ్ సాయం తీసుకుంది. వారం వారం కొద్దికొద్దిగా కొనుక్కునే వీలుంది కాబట్టి మొత్తం డబ్బు ఒకేసారి పెట్టలేనివాళ్ళు కూడా కొన్నారు. భర్త చేసింది మొక్కల పేర్లు వేర్వేరు భాషల్లో సమకూర్చి పెట్టడం. అదీ పనికొచ్చే పనే, కాదనను.

ఆ బొమ్మల్లో మన టమాటా కూడా ఉంది, 'లవ్ యాపిల్' అనే పేరుతో. ఇటలీ వాళ్ళు దీన్ని నూనె, వెనిగర్‌తో తింటారని ఎవరో వింత అలవాటు గురించి చెప్పినట్టు రాసి ఉంటుంది. మా అమ్మమ్మ దీన్నే రామములగ అనేది. ఇప్పుడు టమాటా లేకుండా మన వంటింట్లో ఒక్క పూట గడుస్తుందా?

నేను అన్నిటికన్నా ఎక్కువసేపు చూసింది మాత్రం బొమ్మ కింద ఉన్న చిన్న అక్షరాల్ని. గీసింది, చెక్కింది, రంగులు వేసింది ఎలిజబెత్ బ్లాక్‌వెల్ అని లాటిన్ పొడి అక్షరాల్లో ఉంటుంది. అది డాబు కోసం పెట్టుకున్న సంతకం కాదు. 1735లో ఇంగ్లండులో చెక్కుడు బొమ్మలకు కాపీరైట్ చట్టం వచ్చింది, రేకు మీద యజమాని పేరు ఉండాలని అందులో ఉంది. తర్వాత ఆమె బొమ్మల్ని ఎవరో కాపీ కొడితే వ్యవహారం కోర్టుకెక్కింది. ప్రకృతిలో ఉన్న మొక్కని చూసి గీస్తే అది సొంత సృష్టి ఎలా అవుతుందని అవతలివాళ్ళు వాదించారు. 1740లో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు.

అలెగ్జాండర్ బయటికొచ్చాక మళ్ళీ అప్పులు చేశాడు. స్వీడన్ వెళ్ళి అక్కడ రాజద్రోహం కేసులో 1747లో తల పోగొట్టుకున్నాడు. ఎలిజబెత్ 1758లో పోయింది. 1750 నుంచి జర్మనీలోని నూరెంబర్గ్‌లో ఆమె పుస్తకాన్ని పెంచి మళ్ళీ అచ్చేసినప్పుడు, దాని పేరులోనే బ్లాక్‌వెల్ అని పెట్టారు.

ఇప్పుడు మన సామర్లకోట సంగతి. ఎలిజబెత్ పోయిన పాతికేళ్ళకి విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు అక్కడ మొక్కల మీద పనిచేశాడు. 1795 నుంచి లండన్‌లో మూడు సంపుటాలుగా వచ్చిన ఆయన కోరమండల్ తీరపు మొక్కల పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. వాటి మూలచిత్రాలు గీసింది మన దేశపు చిత్రకారులే. మొక్కల తెలుగు పేర్లు అందులో జాగ్రత్తగా రాశారు. గీసినవాళ్ళ పేర్లు మాత్రం లేవు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఎవరో, ఎక్కడున్నారో కూడా మనకు తెలిసే దారి లేదు.

అందుకే మన పత్రిక గురించి ఒక మాట. పోయిన సంచిక అట్ట మీద మెలికల ముగ్గు ఎంత బాగుందో అందరం చెప్పుకున్నాం. లోపల చూస్తే "సహకారం: మహిళా విభాగం" అని ఉంది. ఆ ముగ్గు వేసినావిడ రెండు రాత్రులు నిద్రపోలేదని నాకు తెలుసు. "ఫర్లేదులెండి, పేరెందుకు" అని ఆవిడే అంటారు, మనం ఊరుకుంటాం. ఈసారి ఊరుకోవద్దని సంపాదక వర్గాన్ని అడుగుతున్నాను. ఉగాది సంచికకు బొమ్మ, ముగ్గు, ఫొటో ఏది పంపినా కింద గీసినవాళ్ళ పూర్తి పేరు రాసి పంపండి. పేరు లేకుండా వస్తే ఫోన్ చేసి కనుక్కునే పని నేను చేస్తాను.