సాఫ్ట్‌వేర్ కొన్నారు సరే, ఆపరేటర్‌ని అడిగారా?

"మా దగ్గర అంతా డిజిటల్ అయిపోయిందండీ" అని ఫ్యాక్టరీ ఓనర్లు అంటే నాకు నవ్వొస్తుంది. వెళ్లి చూస్తే గోడకి పెద్ద టీవీ, దాని నిండా రంగురంగుల గ్రాఫులు. కింద షాప్‌ఫ్లోర్‌లో ఆపరేటర్ రీడింగులు కాగితం మీదే రాస్తుంటాడు. సాయంత్రం ఇంకో కుర్రాడు వాటిని ఈఆర్‌పీలోకి, అంటే కంపెనీ లెక్కలన్నీ ఒకచోట ఉంచే సాఫ్ట్‌వేర్‌లోకి, ఎక్కిస్తాడు. తప్పు పొద్దున జరుగుతుంది, కంప్యూటర్‌కి తెలిసేసరికి లాట్ మొత్తం స్క్రాప్ కుప్పలో ఉంటుంది.

బాలానగర్‌లో ఒక చిన్న మెషినింగ్ యూనిట్‌లో క్వాలిటీ చూసేవాణ్ని. ఒక పార్ట్‌లో మెట్టు లోతుకి టాలరెన్స్, అంటే కొలతలో ఒప్పుకునే తేడా, మొత్తం కలిపి 20 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్). పొద్దున మొదటి రెండు మూడు పీసులు రిజెక్ట్, లంచ్ తర్వాత మళ్లీ అదే కథ. ఆపరేటర్ మీద కేకలు, మెమోలు. లక్షలు పోసి కొన్న ఈఆర్‌పీ చెప్పిందల్లా "ఈ నెల రిజెక్షన్ ఎక్కువ" అని. ఆ మాత్రానికి స్క్రాప్ డబ్బా చాలదా?

చివరికి ఓ పాత ట్యాబ్ తెచ్చి మెషిన్ పక్కన పెట్టాం. ఆపరేటర్ ఆఫ్‌సెట్ (టూల్ ఎంత లోతుకి దిగాలో మెషిన్‌కి చెప్పే సర్దుబాటు) మార్చినప్పుడల్లా ఎంత మార్చాడో అందులో కొడితే చాలు, టైము దానంతటదే పడుతుంది. రెండు నెలల లెక్క గీసి చూస్తే మార్పులు దాదాపు అన్నీ షిఫ్ట్ మొదలైన అరగంటలో, లంచ్ అయిన వెంటనే. మనిషి తప్పు కాదు, మెషిన్ ఆగి ఉన్నప్పుడు స్పిండిల్ (టూల్‌ని పట్టుకుని తిప్పే ఇరుసు) చల్లబడటం. 100 మిల్లీమీటర్ల ఉక్కు 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. చల్లారితే అంతా వెనక్కి పోతుంది, టూల్ ఆ మేరకు లోతుకి దిగదు. 20లో 12 అక్కడే పోతే ఇంక మిగిలేదెంత? పని మొదలెట్టే ముందు పావుగంట స్పిండిల్‌ని ఖాళీగా తిప్పే ప్రోగ్రామ్ రాశాం. అంతే.

ఆపరేటర్‌కి చెబితే, "మిషన్ వేడెక్కాలె అని నేను ఎప్పటిసంది చెప్తున్న సార్" అన్నాడు. నిజమే, చెప్పాడు. అతని మాట పక్కన అంకె లేదు కాబట్టి నేనూ వినలేదు. సిగ్గేసింది.

టొయోటా అంటే రోబోలు గుర్తొస్తాయి మనకి. ఆ కుటుంబం మొదట పేరు తెచ్చుకున్నది మగ్గాలతో. సకిచి టొయోడా 1924 నాటి ఆటోమేటిక్ మగ్గం దారం తెగితే తనంతట తానే ఆగిపోయేది. తప్పు జరిగిన చోటే, జరిగిన క్షణమే తెలియాలన్న ఆలోచన అది. అందులో కంప్యూటర్ లేదు. మన టీవీ గోడల్లో ఆ ఆలోచన లేదు.

ట్యాబ్ వచ్చాక అదే ఆపరేటర్ ఒకే ఫిక్స్చర్‌లో (పీసుని కదలకుండా పట్టే బిగింపులో) రెండు పీసులు బిగిద్దామన్నాడు. టూల్ ఎక్కడైనా గుద్దుకుంటుందేమో ముందు కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేసి చూశాం, ఒక్క దిమ్మ కూడా పాడవలేదు. నా దృష్టిలో ఇన్నొవేషన్ అంటే ఇదీ.

తర్వాత పక్క మెషిన్ల వాళ్లు కూడా ట్యాబ్‌లు కావాలన్నారు. ఓనర్ గారు సరేనన్నారు. కాకపోతే ముందు రిసెప్షన్‌లో ఇంకో టీవీ పెట్టించాలట.